హెల్మెట్ కింద టోపీ

టికిరి,
ఆదివారం మధ్యాహ్నం.

పార్వతక్కకు,

నీ తమ్ముడు పైడిరాజు దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. వేళకు తింటున్నాను, నిద్ర పడుతోంది, పని సాగుతోంది. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఆ నూనె రాయడం మానకు. బావ పొలానికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటున్నాడా, ఇంకా ఒట్టి కాళ్ళతోనేనా? పెద్దది పరీక్షలకు చదువుతోందా? అందరూ చల్లగా ఉన్నారన్న మాట వింటే నాకిక్కడ సగం బెంగ తీరుతుంది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులోనే చెబుదామనుకున్నాను. కానీ నేను ఫోను చేయగానే బావ స్పీకరు పెడతాడు, అరుగు మీద ఉన్నవాళ్ళంతా వింటారు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాల్సిన సంగతి. కంగారు పడకు, చెడ్డ కబురు కాదు. చివరిదాకా చదివాక బావకు నువ్వే వినిపించినా నాకేం పరవాలేదు.

జనపనార మిల్లు మూతపడ్డాక నేనిక్కడికి వచ్చి ఐదు నెలలు కావస్తోంది. గది టికిరిలో, పని డొరగుడ దగ్గర ఒక కాంట్రాక్టరు యార్డులో. నాది టూల్ రూమ్ పని. పొద్దున్నే కూలీలకూ మేస్త్రీలకూ హెల్మెట్లు, నడుముకు కట్టుకునే బెల్టులు ఇవ్వాలి, మధ్యాహ్నం వేరే మనిషి వచ్చేసరికి లెక్క అప్పజెప్పాలి. బరువులు మొయ్యక్కర్లేదు, నిచ్చెనలెక్కక్కర్లేదు. మొదట్లో నీకు చెప్పినట్టే హాయిగా ఉంది. ఆ మాట నిన్ను ఊరడించడానికి చెప్పలేదు, నిజమే.

తిండి కూడా అలవాటైపోయింది. మెస్సులో ఉప్పుడు బియ్యం అన్నం, కూరముక్కలన్నీ వేసి వండిన పప్పు. పొద్దున ఇక్కడివాళ్ళు తాగే చోడి అంబలిని మండియా అంటారు. అది మనం తాగిందే, పేరొక్కటే వేరు. సంతలో ఒడియాలో బేరమాడడం వచ్చేసింది. ఆఫీసులో హిందీ. గదిలో మాత్రం మన మాటే, ఎందుకంటే నాతో ఉండేవాడు సూరిబాబు. టెక్కలి దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. చేపలు పట్టే ఇంటివాడు. వాళ్ళ నాన్న పడవ పోయాక ఇటు వచ్చి, ఇనప గొట్టాలతో ఎత్తుగా పరంజాలు కట్టే పని నేర్చుకున్నాడు. నోరు కొంచెం దురుసు, మనసు మాత్రం మెత్తన. పొద్దున నాకంటే ముందు లేచి ఇద్దరికీ టీ పెడతాడు.

ఇక్కడ చలి సంగతి నీకెలా చెప్పాలి. మన బొబ్బిలి చలి దీని ముందు చలే కాదు. కార్తీకంలోనే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టేసింది. పొద్దున తొమ్మిదింటి దాకా మంచు విడవదు. ఆరింటికి గేటు దగ్గర వరసలో నిలబడితే ముందున్న మనిషి వీపు తప్ప ఇంకేమీ కనపడదు. అందుకని అందరూ మంకీ క్యాపులు పెట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు. ఒకరోజు ఒకతను పరంజా మీద వంగితే హెల్మెట్ జారి కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మర్నాటి నుంచి హెల్మెట్ కింద ఏ టోపీ ఉండకూడదని సేఫ్టీ సార్ ఆర్డరు వేశాడు. ఆయన కటకం వైపు మనిషి, కోపిష్టి కాడు గానీ మాటంటే మాటే. అన్యాయంగా వేసిన ఆర్డరు కాదు. హెల్మెట్లు ఇచ్చేది నేనే కదా, నాకు తెలుసు. లోపల తలకు ఆనుకునే పట్టీలుంటాయి. అవి తలను పట్టి ఉంటేనే హెల్మెట్ పనిచేస్తుంది. మందంగా టోపీ పెడితే పట్టీ తలను పట్టదు, టోపీని పడుతుంది.

మిగతావాళ్ళు తిట్టుకుని ఊరుకున్నారు. సూరిబాబుకు మాత్రం అది పెద్ద కష్టమైంది. చిన్నప్పటి నుంచి అతనికి చెవిలో చీము పడుతుందట. చల్లగాలి తగిలితే పోటు దవడ దాకా పాకుతుంది. అతను పనిచేసేది నలభై యాభై అడుగుల ఎత్తున, గాలిలో. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు హెల్మెట్ కింద తువ్వాలు చుట్టుకున్నాడు. గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపేశారు. ఇంకోసారి చేస్తే పనిలోంచి తీసేస్తామన్నారు. ఆ రోజు నేను గదికి వచ్చేసరికి చెవిలో దూది పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊరికి పోతానని మొదటిసారి అన్నాడు. అక్కడికి పోయి ఏం చేస్తాడో అతనికీ తెలియదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను. అక్కా, నేను మళ్ళీ అల్లుతున్నాను.

నీకు గుర్తుండే ఉంటుంది. పదకొండేళ్ళప్పుడు నా కాలు విరిగి నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను. ఊరికే ఏడుస్తున్నానని నువ్వు నీ బడిలో కుట్టు టీచరమ్మ దగ్గర నేర్చుకున్న అల్లిక నాకు నేర్పావు. సీదా, ఉల్టా, కుట్లు ఎక్కించడం, దించడం. మఫ్లరు అయింది, మేజోళ్ళయ్యాయి, టోపీలయ్యాయి. కాలు బాగై బడికి వెళ్ళాక ఒకరోజు నా సంచీలో సూదులు చూసి మగపిల్లలు చుట్టూ చేరారు. అవి మా అక్కవి, దానికి పనీపాటా లేదు, ఇలాంటి పిచ్చి పనులు చేస్తుంటుంది అన్నాను. నువ్వు నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలోనే ఉన్నావు. విన్నావు. సూదులు తీసుకుని పెట్టెలో పెట్టేశావు. ఆ తర్వాత నువ్వు అల్లగా నేను చూడలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ ఉత్తరంలో ఎత్తుతున్నాను. ఆ రోజు నేనన్నది చాలా తప్పు. నన్ను క్షమించు.

సూరిబాబు గోడవైపు తిరిగి పడుకున్న ఆ సాయంత్రం నాకు హెల్మెట్ కిందికి పట్టే టోపీ ఒకటి అల్లొచ్చు కదా అనిపించింది. నాకు రెండింటికి పని అయిపోతుంది, అతను అయిదున్నరకు వస్తాడు. మధ్యలో మూడు గంటలు గది నాదే. సంతలో మెరిసే ఊలుండలు రెండు, లావు సూదులు కొన్నాను. కొట్టువాడితో మా ఇంట్లో ఆడవాళ్ళకు అని చెప్పాను. చూశావా, ఇంత వయసొచ్చాక కూడా అదే అబద్ధం. గదికి వచ్చి తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. చేతులు మర్చిపోలేదక్కా. మొదటి వరస వంకరగా వచ్చింది గానీ నాలుగో వరసకు వేళ్ళు వాటంతటవే కదిలాయి.

మొదటి టోపీ నువ్వు నేర్పినట్టే, రెండు సీదా రెండు ఉల్టా వేసి, అంచు వెడల్పుగా అల్లి పైకి మడిచాను. చెవులకు వెచ్చగా ఉంది. దాని మీద హెల్మెట్ పెట్టుకుని చూస్తే అంచు మడత మీద ఎక్కి కూర్చుంది. తల ఆడిస్తే హెల్మెట్ వేరుగా ఊగుతోంది. విప్పేశాను. రెండోది మడత లేకుండా, అంతా సీదాయే వేసి, అంచు దానంతటదే పైకి చుట్టుకునేలా అల్లాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఆ చుట్ట పట్టీ కింద తాడులా నొక్కి, అరగంటకే నుదుటి మీద ఎర్రటి గీత పడింది, తలనొప్పి వచ్చింది. మూడోది అసలు అంచే లేకుండా చేశాను. అది పైకి ఎగబాకి చెవులు రెండూ బయటపెట్టింది.

సూదులు లావుగా ఉన్నందువల్ల అల్లిక మందంగా వస్తోందని అర్థమైంది. సన్నవి సంతలో దొరకలేదు. సైకిలు చక్రం పుల్లలు నాలుగు సంపాదించి, మొనలు నూరించుకోవడానికి రోడ్డు పక్కన గ్రిల్సు చేసే షెడ్డుకు వెళ్ళాను. ఆ షెడ్డు రాములుది, పార్వతీపురం మనిషి. నా తల మీద మూడో టోపీ ఉంది. రాములు పక్కన ఏదో గేటుకు వెల్డింగు పెడుతుంటే నిప్పురవ్వ ఒకటి ఎగిరి వచ్చి దాని మీద పడింది. చురుక్కుమంది. తీసి చూస్తే ఊలు కాలలేదు, కరిగిపోయి, కందిగింజంత గట్టి ఉండయింది. నెత్తి మీద చిన్న బొబ్బ లేచింది.

రాములు ఆ టోపీని తిప్పి చూసి, "ఇది ఊలు కాదు బాబూ, పిలాస్టిక్కు. మంట తగిల్తే కరిగి ఒంటికంటుకుంటాది. నిప్పు కాడ పని సేసేవోడికి ఇలాటివి పెట్టకు" అన్నాడు. తర్వాత పోగు కాల్చి చూసే విధం చూపించాడు. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. గొర్రె ఊలైతే జుట్టు కాలిన వాసన వేసి, మంట తీసెయ్యగానే ఆరిపోతుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. సూరిబాబు వాళ్ళ పరంజాల పైన రోజూ వెల్డింగు జరుగుతుంది. నేను మంచి చేస్తున్నాననుకుని అతని తల మీద ఏం పెట్టబోయానో అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం రైలెక్కి కోరాపుట్ వెళ్ళాను. అక్కడ చేనేత వాళ్ళకు నూలు అమ్మే కొట్టొకటి ఉంది. కోట్పాడ్ వైపు నేతగాళ్ళు చెట్టు వేరుతో ఎర్రగా అద్దిన నూలు కూడా ఉంది గానీ నేను తెల్లదే తీసుకున్నాను. గొర్రె ఊలు ఉండలు మాత్రం ఎక్కడా లేవు. చివరికి పాత బట్టలు గుట్టపోసి అమ్మే చోట చిరిగిన స్వెట్టరొకటి దొరికింది. ఒక పోగు లాగి కాల్చి చూస్తే జుట్టు వాసన వచ్చింది. తెచ్చి, అంతా విప్పి, ఉతికి, పొడుగాటి కట్టగా చుట్టి, కింద రాయి కట్టి వేలాడదీశాను. ఆరేసరికి మెలికలు పోయి సాపుగా అయింది.

నూలుతో అల్లిన టోపీ పల్చగా, తలకు చల్లగా ఉంది. కానీ నూలు సాగితే మళ్ళీ దగ్గరకు రాదు. సాయంత్రానికి అంచు వదులైపోతుంది. ఊలు సాగి మళ్ళీ ముడుచుకుంటుంది, కానీ నెత్తి మీద దురద. రెండు రోజులు తిప్పలు పడి, రెండూ కలిపాను. పట్టీ ఆనే పైభాగమంతా నూలు, ఒకటే పొర. పట్టీకి కిందగా వచ్చే అంచు మాత్రం ఊలు, ఒక సీదా ఒక ఉల్టా, మడత లేదు. ఇంకొక్కటే మిగిలింది. అంచు నుదుటి మీద, మెడ మీద పొట్టిగా ఉండి, చెవుల దగ్గర మాత్రం కిందికి దిగాలి. అదెలా చెయ్యాలో తోచలేదు. అప్పుడు నువ్వు మేజోడుకు మడమ తిప్పడం గుర్తొచ్చింది. వరస సగం దాకా అల్లి, వెనక్కి తిరిగి, మళ్ళీ కొంచెం ఎక్కువ అల్లి తిరగడం. ఎన్ని కుట్ల దగ్గర తిరగాలో మర్చిపోయాను. నిన్ను అడుగుదామని రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ బావే ఎత్తాడు. ఊరికే చేశానని చెప్పి పెట్టేశాను. నా పాత మేజోడొకటి కత్తిరించి, మడమ దగ్గర కుట్లు లెక్కపెట్టుకుంటూ విప్పి నేర్చుకున్నాను. నాలుగు రోజులు పట్టింది.

నాలుగో రోజు కుడి చెవి భాగం సూదుల మీద ఉండగా తలుపు తోసుకుని సూరిబాబు వచ్చేశాడు. ఆ రోజు గడియ పెట్టడం మర్చిపోయాను. గాలి ఎక్కువైందని పైనున్నవాళ్ళను ముందే దింపేశారట. నేను దాన్ని దిండు కింద పెట్టబోయాను గానీ నాలుగు పుల్లలు ఒకేసారి దాగవు. అతను వచ్చి, నా చేతిలోంచి తీసుకుని, వెలుతురు వైపు పెట్టి చూశాడు. నవ్వుతాడని తల వంచుకుని కూర్చున్నాను.

"నువ్వే అల్లేవా" అన్నాడు.

నేను తలూపాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. మగవాడిని, ఇలాంటి పని చేస్తానని తెలిస్తే యార్డులో తలెత్తుకోలేనన్నాను.

అతను నా మాట అర్థం కానట్టు చూశాడు. "ఏటి మాటలివి. మా నాన్న పొద్దంతా వల అల్లీవోడు. మా తాతా అంతే. మా ఊళ్ళో మగోళ్ళందరూ ఒడ్డున కూసోని అల్లుతారు. ఎవుడూ నవ్వడు. దారవే గదా ఇదీ, అదీ" అన్నాడు. ఆ తర్వాత అంచు పట్టుకుని లాగి చూసి, ఇక్కడ కన్ను పెద్దదైంది, సరిచెయ్యమన్నాడు. చూశాను. నిజమే, ఒక కుట్టు జారింది.

అక్కా, నేను ఎన్నేళ్ళుగానో మోస్తున్నదాన్ని అతను రెండు మాటల్లో దింపేశాడు. కానీ వెంటనే ధైర్యం రాలేదు. చెప్పొద్దన్న మాట వెనక్కి తీసుకోలేదు. అతను సరేనన్నాడు.

టోపీ పూర్తయింది. పెట్టుకుంటే హెల్మెట్ ఒట్టి తల మీద కూర్చున్నట్టే కూర్చుంది. చెవులు రెండూ పట్టీ కింద వెచ్చగా ఉన్నాయి. మర్నాడు పెట్టుకుని వెళ్ళాడు. పదకొండింటికి సేఫ్టీ సార్ చూసి దింపించాడు. హెల్మెట్ ఊపి చూశాడు, వంగమన్నాడు, కదల్లేదు. ఎక్కడ కొన్నావని అడిగాడు. మిగతావాళ్ళకు కూడా కొనిపిద్దామని ఆయన ఆలోచన. సూరిబాబు సంతలో అన్నాడు. ఏ కొట్టు అంటే తెలీదన్నాడు. దేనితో చేశారో, ఎవరు చేశారో తెలియనిది నా యార్డులో తల మీద పెట్టనివ్వను, జేబులో పెట్టుకోమని ఆయన చెప్పేశాడు. ఆ మిగిలిన పూటంతా సూరిబాబు గాలిలో చెవులు బయటపెట్టుకుని పనిచేశాడు.

సాయంత్రం వచ్చి టోపీని మడిచి నా మంచం మీద పెట్టాడు. చెవిలో దూది తడిసి ఉంది. నేనేమీ అడక్కముందే, "బయపడకు. నువ్వు సెప్పొద్దన్నావు, నాను సెప్పను. నొప్పి నాకలవాటే" అన్నాడు.

ఆ రాత్రి నూలు పోగొకటి, ఊలు పోగొకటి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

రోజూ పని మొదలయ్యే ముందు అందరినీ గేటు లోపల నిలబెట్టి సేఫ్టీ సార్ జాగ్రత్తలు చెబుతాడు. వందమందికి పైగా ఉంటాం. మర్నాడు ఆయన చెప్పడం అయిపోయి, ఎవరైనా ఏదైనా చెప్పేదుందా అని అలవాటుగా అడిగాడు. రోజూ ఎవరూ ఏమీ చెప్పరు. నేను చెయ్యెత్తాను. నిన్న సూరిబాబు పెట్టుకున్న టోపీ నేను అల్లానని హిందీలో చెప్పాను. వెనక వరసల్లో నవ్వు మొదలైంది. ఎవరో ఒడియాలో ఏదో అన్నారు, ఇంకా గట్టిగా నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. చెయ్యి మాత్రం దించలేదు.

సార్ నవ్వలేదు. ముందుకు రమ్మన్నాడు. దేనితో అల్లావని అడిగితే నూలూ ఊలూ అని, వేరువేరుగా ఎందుకు వాడానో, అంచు ఎందుకలా దింపానో వచ్చినంత హిందీలో చెప్పాను. ఆయన వెల్డరు దగ్గర లైటరు తీసుకుని, నా దగ్గరున్న పోగులు ఒక్కొక్కటీ అందరి ముందూ కాల్చాడు. నూలు బూడిదైంది. ఊలు ఆరిపోయింది. ఆఖరికి ఒకతని మంకీ క్యాపులోంచి పోగు లాగి కాల్చాడు. అది కరిగి బొట్టుబొట్టుగా కింద పడింది. ఆ బొట్టు బూటుతో తొక్కి, ఇది మీ నెత్తి మీద పడితే ఎలా ఉంటుందో ఆలోచించుకోండన్నాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

వెంటనే ఒప్పుకోలేదు. పైవాళ్ళకు చూపించాలన్నాడు. వారం పట్టింది. ఆ వారం సూరిబాబుకు కింద గొట్టాలు సర్దే పని ఇచ్చి చలిగాలి తప్పించారు. అది సార్ చేసిన మేలే. ఎనిమిదో రోజు టూల్ రూముకు వచ్చి నా బల్ల మీద టోపీ పెట్టి, ఈ కొలతకు, ఈ దారాలతో చేసినవైతే పెట్టుకోవచ్చు, అంచు మడిచినవి కుదరవు అని చెప్పి వెళ్ళాడు.

నవ్వినవాళ్ళలో మొదట ఎవరూ రాలేదు. మొదట వచ్చింది సునామణి. యార్డు ఊడ్చే మనిషి, పక్క ఊరే. ఆమె జుట్టు తలకు ఒక పక్కగా పెద్ద ముడి వేసుకుంటుంది, వాళ్ళ ఊరి ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి. ఆ ముడి మీద హెల్మెట్ కూర్చోదని రోజూ మాటలు పడుతోంది. ముడికి దారి వదిలి అల్లుతావా అని అడిగింది. నడినెత్తికి కిందగా, మెడ దగ్గర ఒక సందు వదిలి, దాని చుట్టూ కూడా సాగే అంచు వేశాను. ముడి కిందికి దించి ఆ సందులోంచి బయటికి తీసింది. హెల్మెట్ దిగింది. మర్నాడు ఆకులో చుట్టి ఇంత తేనె తెచ్చిపెట్టింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. వెనక వరసలో నవ్వినవాడు కూడా వచ్చాడు, వాళ్ళ నాన్న చెవుల కోసం. అందరికీ నేనొక్కడినే అల్లలేనని, కావాలంటే నేర్పుతానని చెప్పాను. ఇప్పుడు ఆదివారం పొద్దున మా గది ముందు నలుగురు కూర్చుంటున్నారు. సూరిబాబు అంచు నాకంటే బిగువుగా, వరస తప్పకుండా వేస్తాడు. వల అల్లిన చెయ్యి కదా. అతని చెవి ఇప్పుడు పొడిగానే ఉంది. ఊరికి పోతానన్న మాట మళ్ళీ అనలేదు. నాకు యార్డులో టోపీ రాజు అని పేరు పెట్టారు. పిలవనీ. మొదటి రెండు రోజులు గుచ్చుకుంది, తర్వాత పలకడం మొదలుపెట్టాను.

నీ మరదలు గౌరికి కూడా చెప్పేశాను. మధ్యాహ్నాలు వీడియో ఫోను చేస్తే నేను ఎత్తడం లేదని ఆమెకు చాలా రోజులుగా అనుమానం. తాగుడు అలవాటైందేమోనని వాళ్ళమ్మతో కూడా అందట. టోపీ, సూదులు తీసి ఫోనులో చూపించాను. దగ్గరగా పెట్టమని చూసింది. తర్వాత, "ఇదేనా. నాకు సెప్పడానికి నీకంత సిగ్గేటి. నానెన్నాళ్ళు ఏడిసేనో తెలుసా" అంది. పాపకు ఎర్ర టోపీ కావాలట, పైన కుచ్చుతో. అప్పుడు వదిలేసిన కోట్పాడ్ ఎర్ర నూలు ఈసారి కొనాలి.

ఒంటరిగా అనిపించడం లేదా అని నువ్వడుగుతావు. అనిపిస్తుంది. పొద్దున మంచులో నిలబడ్డప్పుడు, సంతలో మన వైపు వంకాయల్లాంటివి కనపడ్డప్పుడు అనిపిస్తుంది. పాప నాకు కనపడకుండా ఎదుగుతోందని బాధ. కానీ ముందులా గది తలుపేసుకుని కూర్చోవడం లేదు. అది చాలా తేడా.

మొన్న సెలవుకు రాయగడ వెళ్ళాను, సన్నటి ఊలు దొరుకుతుందేమోనని. దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన చోటు కూడా దొరికింది. సంచీలోంచి సూదులు తీసి అల్లడం మొదలుపెట్టాను. జనం నిండా ఉన్నారు. మొదట ఒకరిద్దరు చూశారు, తర్వాత ఎవరి మాటల్లో వాళ్ళు పడ్డారు. ఎదురుగా గుడారి నుంచి కూతురింటికి వెళ్తున్న ముసలావిడ, తెలుగావిడే, చాలాసేపు నా చేతుల వైపు చూసి, "ఎవులికి బాబూ" అని అడిగింది.

"మా అక్కకి" అన్నాను.

ఆవిడ దగ్గరగా వంగి, బాగుందని, మీ అక్క పెట్టిపుట్టిందని అంది. నేను, మా అక్కే నేర్పిందని చెప్పాను. రైలు పెట్టెలో అందరికీ వినపడేటంత గట్టిగానే చెప్పాను.

ఆ టోపీని ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను. గోధుమరంగు, మెత్తటి గొర్రె ఊలు, దురద పుట్టదు, నా మెడకు రుద్దుకుని చూసుకున్నాను. తెల్లవారుజామున పాలకేంద్రానికి వెళ్ళేటప్పుడు పెట్టుకో. నీకు హెల్మెట్ గొడవ లేదు కాబట్టి అంచు వెడల్పుగా అల్లి రెండు మడతలు వేశాను. సరిపోకపోతే దాచిపెట్టకు, విప్పి నీ చేత్తో మళ్ళీ అల్లు. అల్లితే ఫొటో పంపు.

మనవైపు నుంచి ఎవరైనా ఇటు వస్తే చింతకాయ పచ్చడి కొంచెం పంపించు, సూరిబాబుకు కూడా సరిపోయేటట్టు. పెద్దత్తకూ, వీధి చివర మాస్టారు గారికీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. బావకు దండాలు. నేను చల్లగా ఉండాలని ఎప్పట్లాగే మనసులో అనుకో, ఆ ఆశీర్వాదం నాకు చాలు.

నీ తమ్ముడు,
పైడిరాజు